భూగర్భ మెట్రో జంక్షన్‌లో రైలు మారడం: గోదావరి జిల్లాల ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన గోదావరి డెల్టా నుంచి చెన్నైకి వైద్యం కోసం, చదువు కోసం, విమానం ఎక్కడం కోసం వెళ్లేవారు ఎప్పుడూ ఉంటారు. రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సెంట్రల్ స్టేషనులో దిగితే, అక్కడి నుంచి ఊళ్లోకి వెళ్లడానికి అన్నిటికన్నా తేలికైన దారి భూమి కిందికి దిగే మెట్లతో మొదలవుతుంది. మన వైపు నేలమాళిగలున్న ఇళ్లే అరుదు. అలాంటిది భూగర్భంలో రెండు రైలు మార్గాలు కలిసే స్టేషను అనగానే పెద్దవారికి బెరుకు కలగడం సహజం. మా అమ్మగారి వైద్యం కోసం కొన్నేళ్లపాటు కోనసీమ నుంచి చెన్నైకి తిరిగినందువల్ల, మా ఊరివారు ప్రయాణానికి ముందు నన్ను అడిగే ప్రశ్నలు నాకు దాదాపు కంఠస్థమయ్యాయి. ఆ ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఇంటర్‌చేంజ్ స్టేషను అంటే ఏమిటి?

రెండు మెట్రో మార్గాలు కలిసే చోట, ఒక మార్గం నుంచి మరొక మార్గానికి ప్రయాణికులు మారడానికి కట్టిన స్టేషను అది. మనకు నిడదవోలు జంక్షన్ తెలుసు. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి తణుకు, పాలకొల్లు, నరసాపురం వెళ్లవలసినవారు అక్కడ బండి దిగి, వంతెన ఎక్కి, మరో ప్లాట్‌ఫారంలో నరసాపురం బండి ఎక్కుతారు. స్టేషను బయటికి వెళ్లరు. మెట్రో ఇంటర్‌చేంజ్‌లోనూ జరిగేది ఇదే. అయితే నిడదవోలులో ప్లాట్‌ఫారాలు పక్కపక్కన ఉంటాయి, భూగర్భ ఇంటర్‌చేంజ్‌లో ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

రెండు మార్గాలు ఒకే లోతులో ఒకదానినొకటి అడ్డంగా దాటలేవు కనుక ఒకటి పైన, ఒకటి కింద నడవాలి. పి.గన్నవరం అక్విడక్టు చూసినవారికి దీన్ని వివరించనవసరం లేదు. అక్కడ కింద వైనతేయ పారుతుంది, పైన కాలువ పారుతుంది, రెండూ కలవవు. ఆ కాలువ నుంచి ఆ నదికి మనుషులు దిగడానికి మెట్లు, లిఫ్టులు పెట్టారనుకుంటే భూగర్భ ఇంటర్‌చేంజ్ ఎలా ఉంటుందో మనసుకు అందుతుంది.

చెన్నై సెంట్రల్ మెట్రో స్టేషను ఎంత పెద్దది?

చెన్నైలోని భూగర్భ స్టేషన్లలో ఇది చాలా పెద్దది. దీని విస్తీర్ణం సుమారు 70 వేల చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో దాదాపు 17 ఎకరాలు. ఒక మోతుబరి రైతు పొలమంత. లోతు విషయానికి వస్తే, బాగా పెరిగిన కొబ్బరిచెట్టును భూమిలోకి తలకిందులుగా దింపితే దాని మొవ్వు ఎక్కడికి చేరుతుందో అడుగు అంతస్తు ఇంచుమించు అక్కడ ఉంటుందని ఊహించుకోవచ్చు.

చెన్నైలో మెట్రో మొదటి రైలు 2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూర్ మధ్య పైవంతెన మీద నడిచింది. భూగర్భ మార్గం 2017 మేలో నెహ్రూ పార్కు వరకు, 2018 మే 25న సెంట్రల్ వరకు వచ్చింది. అయితే ఆ రోజున ఇక్కడికి చేరింది ఒక్క గ్రీన్ లైను మాత్రమే. 2019 ఫిబ్రవరి 10న బ్లూ లైను కూడా ఇక్కడి మీదుగా వణ్ణారపేట వరకు నడవడంతో ఇది నిజమైన ఇంటర్‌చేంజ్ అయింది. రైల్వే స్టేషనుకు ఉన్నట్లే దీనికి కూడా ఎం.జి. రామచంద్రన్ గారి పేరు పెట్టారు. బోర్డుల మీద ఆ పొడవైన పేరు కనిపిస్తే వేరే స్టేషనేమో అని తడబడవద్దు. జనం అందరూ సెంట్రల్ అనే అంటారు.

ఇక్కడి నుంచి ఏ లైను ఎటు వెళ్తుంది? నేను దేనిలో ఎక్కాలి?

బ్లూ లైను ఉత్తరాన వింకో నగర్ డిపో నుంచి దక్షిణాన విమానాశ్రయం వరకు ఉంది. సెంట్రల్ దాని మధ్యలో వస్తుంది. విమానాశ్రయం, గిండీ, సైదాపేట, నందనం, తేనాంపేట, అన్నాసాలై పరిసరాలకు వెళ్లేవారు విమానాశ్రయం వైపు వెళ్లే బ్లూ లైను రైలు ఎక్కాలి. హైకోర్టు, మన్నడి, వణ్ణారపేట వెళ్లేవారు అదే లైనులో వింకో నగర్ వైపు రైలు ఎక్కాలి.

గ్రీన్ లైను సెంట్రల్‌లోనే మొదలై ఎగ్మూరు, కీల్పాక్కం, అన్నానగర్, కోయంబేడు, వడపళని, అశోక్ నగర్ మీదుగా ఆలందూర్ చేరి, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ముగుస్తుంది. సెంట్రల్ దానికి చివరి స్టేషను కనుక అక్కడ ఎక్కినవారు ఎటు వైపు అనే సందేహం పెట్టుకోనక్కరలేదు. బయలుదేరే బండి ఏదైనా ఒకే దిక్కుకు వెళ్తుంది. తమిళం గానీ ఇంగ్లీషు గానీ రాని పెద్దవారిని ఒంటరిగా పంపవలసి వచ్చినప్పుడు ఈ సంగతి ఎంతో ధైర్యాన్నిస్తుంది.

ఈ రెండు లైన్లు సెంట్రల్‌లో విడిపోయి ఆలందూర్‌లో మళ్లీ కలుస్తాయి. ఆలందూర్ స్టేషను పైవంతెన మీద ఉంటుంది. అందువల్ల గ్రీన్ లైను రైలు, విమానాశ్రయం వైపు వెళ్లే బ్లూ లైను రైలు, ఈ రెండింటిలో పొరపాటున ఒకదానికి బదులు మరొకటి ఎక్కినా పెద్ద నష్టం లేదు. కంగారుపడి మధ్యలో ఎక్కడో దిగకుండా ఆలందూర్ వరకు కూర్చుని, అక్కడ లైను మారితే సరిపోతుంది.

లైను మారేటప్పుడు టికెట్ గేటు దాటి బయటికి రావాలా?

రాకూడదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలిన తికమకలో చాలా భాగం తీరిపోతుంది.

మెట్రో స్టేషనులో రెండు భాగాలుంటాయి. వీధి నుంచి దిగగానే వచ్చే హాలులో ఎవరైనా తిరగవచ్చు. టికెట్ కౌంటర్లు, యంత్రాలు అక్కడే ఉంటాయి. టికెట్ చూపగానే రెక్కలు తెరుచుకునే గేటు దాటాక వచ్చేది రెండో భాగం. డబ్బు చెల్లించినవారే అక్కడ ఉండాలి. ప్లాట్‌ఫారాలన్నీ ఈ రెండో భాగంలోనే ఉంటాయి. ఇంటర్‌చేంజ్ స్టేషనులో రెండు లైన్ల ప్లాట్‌ఫారాలనూ కలిపే మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టులు కూడా ఇందులోనే ఉంటాయి. బయలుదేరినచోట కొన్న టికెట్ చివరి స్టేషను దాకా పనిచేస్తుంది. మారినందుకు వేరే రుసుము లేదు, వేరే టికెట్ లేదు.

ఒకసారి వేరొక నగరంలో అమ్మను తీసుకుని ఇలాంటి స్టేషనులో దిగినప్పుడు, జనం ఎటు పోతే అటే నడిచి గేటు దాటి బయటపడ్డాం. దాటగానే టికెట్ ముగిసిపోయింది. నడవలేక ఆయాసపడుతున్న మనిషిని నిలబెట్టి, వరుసలో నిలుచుని మళ్లీ టికెట్ కొనవలసి వచ్చింది. పోయిన డబ్బు కొద్దిపాటిదే. ఆమె పడిన శ్రమ మాత్రం నాకు ఇప్పటికీ గుర్తు. దిగినవారిలో ఎక్కువమంది ఊళ్లోకి వెళ్లేవారే ఉంటారు కనుక గుంపు గేటు వైపే నడుస్తుంది. లైను మారవలసినవారు గుంపును వదిలి, తమ లైను రంగు ఉన్న బాణం గుర్తును చూసి నడవాలి.

భాష రాకపోతే దారి ఎలా తెలుస్తుంది?

చెన్నైలో బోర్డులు, ప్రకటనలు ప్రధానంగా తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి, తెలుగు కనిపించదు. అయినా రెండు విషయాలు తెలిస్తే చాలు. ఒకటి, ఎక్కవలసిన లైను రంగు. రెండు, మనం వెళ్లే దిక్కున చివరి స్టేషను పేరు. మెట్రోలో ప్లాట్‌ఫారం మీద రాసి ఉండేది మనం దిగే ఊరి పేరు కాదు, ఆ బండి ఆఖరున చేరే స్టేషను పేరు. నందనం వెళ్లే మనిషి ప్లాట్‌ఫారం మీద నందనం కోసం వెతికితే దొరకదు. విమానాశ్రయం అని వెతకాలి. కాకినాడ నుంచి రావులపాలెం వెళ్లేవారు భీమవరం బోర్డున్న బస్సు ఎక్కినట్లే ఇదీ.

ప్రయాణానికి ముందే ఒక చీటీ మీద ఎక్కే స్టేషను, లైను రంగు, చివరి స్టేషను, దిగే స్టేషను పేర్లను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెద్దవారి జేబులో పెట్టండి. ఆ చీటీ చూపితే సిబ్బంది దారి చూపుతారు. సెంట్రల్ పరిసరాల్లో తెలుగు అర్థమయ్యేవారు కూడా చాలామంది ఉంటారు. తమిళంలో ‘వళి’ అంటే దారి, ‘ఎంగే’ అంటే ఎక్కడ. ఈ రెండు మాటలు వస్తే మరింత మంచిది.

టికెట్ ధర ఎంత?

2021 ఫిబ్రవరిలో తగ్గించిన ధరల ప్రకారం చెన్నై మెట్రోలో కనీస ధర 10 రూపాయలు, గరిష్ఠ ధర 50 రూపాయలు. కౌంటరులో ఇచ్చే కాగితం మీద ఉండే క్యూఆర్ గుర్తును గేటు దగ్గర చూపాలి. లోపలికి వెళ్లేటప్పుడు చూపిన కాగితాన్నే బయటికి వచ్చేటప్పుడు కూడా చూపాలి కనుక దాన్ని నలపకూడదు, పారేయకూడదు. ప్రతి మనిషికీ వేరే టికెట్ ఉండాలి. ఒక టికెట్ మీద గేటు ఒక్కరికే తెరుచుకుంటుంది.

అంత లోతులో నీరు ఊరదా? మా ఊళ్లో పది అడుగులు తవ్వితేనే ఊట వస్తుంది కదా?

డెల్టావాసులు తప్ప మరెవరూ ఈ ప్రశ్నను ఇంత పట్టుదలగా అడగరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న కూడా ఇదే. సముద్రానికి దగ్గరగా ఉండే చెన్నైలో కూడా భూగర్భ జలం కొద్ది లోతులోనే ఉంటుంది. స్టేషను అడుగు నీటి మట్టానికి 20 మీటర్ల కింద ఉందనుకుంటే, అక్కడ ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 20 టన్నుల నీటి ఒత్తిడి పైకి నెడుతుంది. కాబట్టి అక్కడ నీరు లేదనుకోకూడదు. చుట్టూ నీరున్న నేలలోనే స్టేషను నిలబడి ఉంది.

ఆ నీటిని ఆపేది డయాఫ్రమ్ వాల్. ఈ మాట మనకు కొత్త కాదు. పోలవరం పుణ్యమా అని గోదావరి జిల్లాల్లో టీ కొట్టు దగ్గర కూడా వినిపించే మాట. అక్కడ రాతి, మట్టి ఆనకట్ట కింద ఇసుకలో నుంచి నీరు ఊరిపోకుండా నదీగర్భంలోకి దింపిన గోడ అది. వరదల్లో ఆ గోడ దెబ్బతినడం, దానికి సమాంతరంగా కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలుకావడం మనమంతా పత్రికల్లో చదివినవే. మెట్రో స్టేషనుకు కట్టేదీ అదే జాతి గోడ, అయితే దాని బాధ్యత మరింత ఎక్కువ. పోలవరం గోడ ఊటను ఆపితే చాలు; స్టేషను గోడ ఊటను ఆపడంతో పాటు పక్కనున్న మట్టి, దాని మీద ఉన్న భవనాలు, రోడ్డు కలిసి నెట్టే బరువును కూడా మోయాలి. అందుకే దానిలో ఇనుప చట్రం ఉంటుంది, చివరికి అదే స్టేషనుకు శాశ్వత గోడ అవుతుంది.

దాన్ని కట్టే పద్ధతిలోని తెలివి గమనించదగ్గది. ముందు గొయ్యి తవ్వి తర్వాత గోడ కట్టరు. గోడ కట్టిన తర్వాతనే గొయ్యి తవ్వుతారు. భూమి మీద గోడ గీత గీసి, ఆ గీత వెంట కొద్ది మీటర్ల పొడవున్న ఇరుకైన కందకాన్ని పెద్ద ఇనుప దోసిలి వంటి యంత్రంతో లోతుగా తవ్వుతారు. ఇసుక నేలలో అలాంటి కందకం క్షణం నిలవదని నుయ్యి తవ్వించిన ప్రతివారికీ తెలుసు. అందుకని తవ్వుతున్నంతసేపూ దాన్ని బెంటనైట్ అనే మెత్తని మట్టి కలిపిన చిక్కని ద్రవంతో నింపి ఉంచుతారు. ఆ ద్రవం బరువు కందకం అంచులను లోపలికి కూలకుండా నిలబెడుతుంది. తవ్వడం పూర్తయ్యాక ఇనుప చట్రాన్ని ఆ ద్రవంలోకే దింపి, పొడవైన గొట్టంతో కాంక్రీటును అట్టడుగు నుంచి పోసుకుంటూ వస్తారు. బరువైన కాంక్రీటు కిందినుంచి లేస్తుంటే తేలికైన బెంటనైట్ పైకి పొర్లి బయటికి వస్తుంది. ఇలా ఒక్కొక్క పలకను పక్కపక్కన చేర్చి నాలుగు వైపులా గోడ పూర్తిచేశాకనే లోపలి మట్టిని తీయడం మొదలుపెడతారు.

చాలా స్టేషన్లలో ముందు పైకప్పు వేసి, దాని కింద మట్టి తీస్తూ, ఒక్కొక్క అంతస్తును పైనుంచి కిందికి కట్టుకుంటూ పోతారు. ప్రతి అంతస్తు పలకా ఎదురెదురు గోడలకు మధ్య దూలంలా నిలిచి వాటిని లోపలికి ఒరగకుండా పట్టి ఉంచుతుంది. పైకప్పు వేశాక దాని మీద రోడ్డు తిరిగి తెరవవచ్చు కూడా.

ఇంత చేసినా సన్నని చెమ్మ అక్కడక్కడా రాకుండా ఉండదు. దాన్ని సన్నని కాలువల ద్వారా అడుగున ఉన్న సంపులోకి పంపి, పంపులతో పైకి తోడతారు.

నీరు పైకి నెడితే స్టేషను తేలిపోదా?

ఇది తేలికగా తీసిపారేయవలసిన సందేహం కాదు. ఇంజనీర్లు లెక్కలు కట్టే విషయాల్లో ఇది ముఖ్యమైనది. మన వైపు వానాకాలంలో కొత్తగా కట్టిన ఖాళీ సంపు గానీ సెప్టిక్ ట్యాంకు గానీ నేలలో నుంచి పైకి లేచిన సంఘటనలు చాలామంది చూసి ఉంటారు. ఖాళీ కడవను నీటిలోకి అదిమితే ఎలా పైకి తన్నుతుందో అదే శక్తి ఇక్కడా పనిచేస్తుంది. స్టేషను కూడా ఒక ఖాళీ పెట్టె వంటిదే. దాన్ని అదిమి ఉంచేవి దాని గోడలు, అంతస్తుల బరువు, పైకప్పు మీద పోసిన మట్టి, డయాఫ్రమ్ గోడలకూ పక్క మట్టికీ మధ్య ఉండే పట్టు. అవి చాలవనుకుంటే అడుగు పలకను కింది గట్టి పొరలోకి దింపిన పైళ్లతో, అంటే లోతైన కాంక్రీటు స్తంభాలతో, కట్టివేస్తారు. మామూలు ఇంటి పునాది పైళ్లు బరువును కిందికి మోస్తాయి. ఇవి లేవబోయే పెట్టెను పడవను రేవులో కట్టిన మోకులా కిందికి పట్టి ఉంచుతాయి.

స్టేషన్ల మధ్య సొరంగం ఎలా తవ్వారు?

పైన రోడ్డును తవ్వకుండా, సొరంగం తొలిచే గుండ్రని యంత్రంతో తవ్వారు. యంత్రం ముందు చక్రం మట్టిని గీరుతుంది. గీరిన మట్టినే ముందు గదిలో ఒత్తిడితో నింపి ఉంచి, ఎదుటి నేల కూలకుండా చూస్తారు. వెనుక భాగంలో ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలను గుండ్రంగా బిగించి ఒక్కొక్క వలయాన్ని పూర్తిచేస్తారు. నూతి వరలు మనకు తెలుసు కదా. ఆ వరలను నిలువుగా ఒకదాని మీద ఒకటి కాకుండా, పడుకోబెట్టి ఒకదాని పక్కన ఒకటి చేర్చినట్లు ఉంటుంది సొరంగం. దాని వెడల్పు సుమారు 6 మీటర్లు. ముక్కల అతుకుల మధ్య రబ్బరు పట్టీలు, వలయానికీ మట్టికీ మధ్య సిమెంటు పాలు నింపి ఊటను ఆపుతారు. చెన్నైలో ఒకే సొరంగంలో మెత్తని మట్టి, ఇసుక, గట్టి రాయి ఎదురయ్యాయి. ముందు చక్రం ఒకవైపు మెత్తగా, ఒకవైపు రాయిగా ఉన్న నేలను గీరవలసి రావడం యంత్రానికి చాలా కష్టమైన పని.

వర్షాలు, తుపాన్లు వచ్చినప్పుడు వీధి నీరు లోపలికి రాదా?

చెన్నై వానలు ఎలాంటివో మనకు వేరే చెప్పాలా. మనకు వచ్చే వాయుగుండాల చుట్టాలే అవి. అందుకే స్టేషను ద్వారాలను వీధి మట్టం కన్నా ఎత్తులో కడతారు. వీధి నుంచి ముందు కొన్ని మెట్లు ఎక్కి, ఆ తర్వాత కిందికి దిగవలసి రావడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. కాలువ గట్టు దాటి ఇంట్లోకి దిగే లంక గ్రామాలవారికి మాత్రం దాని అవసరం చూడగానే తెలుస్తుంది. గాలి కోసం పెట్టిన గోపురాల నోళ్లు కూడా ఎత్తులోనే ఉంటాయి.

లోపల గాలి ఆడుతుందా? ఉబ్బసం ఉన్నవారు వెళ్లవచ్చా?

ఆడుతుంది. పైనుంచి తాజా గాలిని తీసుకుని చల్లబరిచి పంపే యంత్రాలు నిరంతరం నడుస్తుంటాయి. సొరంగాలకు వేరుగా పెద్ద ఫ్యాన్లు ఉంటాయి. పొగ వస్తే ప్రయాణికులు వెళ్లే దిక్కుకు వ్యతిరేక దిక్కున దాన్ని లాగి బయటికి తోసేలా వాటిని తిప్పగలరు. మా అమ్మకు ఉబ్బసం ఉంది. సెంట్రల్ ముందున్న రోడ్డు మీద ఆమెకు వచ్చే దగ్గు స్టేషను లోపల రాలేదు. అయితే ఎండలో నుంచి ఒక్కసారిగా చల్లదనంలోకి దిగుతారు కనుక పెద్దవారికి ఒక శాలువా వెంట ఉంచడం మంచిది.

ప్లాట్‌ఫారం అంచున గాజు గోడ ఎందుకు?

చెన్నై భూగర్భ స్టేషన్లలో ప్లాట్‌ఫారానికీ పట్టాలకూ మధ్య గాజు తలుపుల వరుస ఉంటుంది. రైలు వచ్చి ఆగాకే, రైలు తలుపులకు ఎదురుగా ఇవి తెరుచుకుంటాయి. మనుషులు పట్టాల మీద పడకుండా కాపాడటం, చల్లని గాలి సొరంగంలోకి పోకుండా ఆపడం, రెండూ వీటి పనే. తలుపులు మూసుకుంటున్నప్పుడు చెయ్యి గానీ సంచి గానీ అడ్డం పెట్టి ఎక్కబోవద్దు. కొద్ది నిమిషాల్లో మరో రైలు వస్తుంది. చెన్నైలో రైళ్లకు పైతీగల నుంచి 25 వేల వోల్టుల విద్యుత్తు అందుతుంది. బెంగళూరు, కోల్‌కతాల్లో పట్టాల పక్కనే నేలమట్టంలో నడిచే మూడో పట్టాలో 750 వోల్టులు ఉంటాయి. పల్లెటూరి స్టేషన్లలో పట్టాలు దాటే అలవాటు ఉన్నవారికి ఈ సంగతి తప్పకుండా చెప్పి పంపండి. ఏ వస్తువు కిందపడినా దిగకూడదు, సిబ్బందికి చెప్పాలి.

పెద్దవారు ఎస్కలేటర్ ఎక్కలేరు. ఏం చేయాలి?

లిఫ్టు వాడాలి, మొహమాటపడవద్దు. వీధి నుంచి హాలు వరకు ఒక లిఫ్టు, హాలు నుంచి ప్లాట్‌ఫారానికి మరొక లిఫ్టు ఉంటాయి, ఒకే లిఫ్టు అన్ని అంతస్తులకూ వెళ్లకపోవచ్చు. చక్రాల కుర్చీ అవసరమైతే హాలులోని సహాయ కౌంటరులో అడగండి. ఎస్కలేటర్ ఎక్కేవారు చీర కుచ్చిళ్లను, పంచె అంచును పైకి పట్టుకోవాలి. సన్నని జరీ అంచులు మెట్ల సందులో చిక్కుకుంటే ప్రమాదం.

సామాను తీసుకెళ్లవచ్చా?

మామూలు సంచులు, పెట్టెలు తీసుకెళ్లవచ్చు. ద్వారం దగ్గర వాటిని తనిఖీ యంత్రంలో పెట్టాలి. గ్యాసు బండలు, కిరోసిన్, పెట్రోలు, బాణసంచా వంటివి అనుమతించరు. బంధువుల ఇంట్లో కొబ్బరికాయలు కొట్టడానికని కత్తి కూడా మూటలో పెట్టుకుని వెళ్తే అక్కడ ఆగిపోతారు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టెను వెంట తీసుకెళ్లవచ్చు గానీ రైలులో విప్పి తినకూడదు.

రైలు తెల్లవారకముందే సెంట్రల్‌కు చేరితే?

మెట్రో ఉదయం 5 గంటల నుంచి రాత్రి 11 వరకు నడుస్తుంది. అంతకు ముందే దిగినవారు రైల్వే స్టేషను వేచి ఉండే గదిలోనే కూర్చోవడం క్షేమం. సర్కార్ ఎక్స్‌ప్రెస్ వంటి, ఎగ్మూరు మీదుగా వెళ్లే బండిలో వచ్చినవారు సెంట్రల్‌కు రానవసరం లేదు. ఎగ్మూరులోనే గ్రీన్ లైను భూగర్భ స్టేషను ఉంది. వారు బ్లూ లైనుకు వెళ్లాలంటే ఒక్క స్టేషను దూరంలో ఉన్న సెంట్రల్‌కు వచ్చి మారాలి.

బస్సులో వెళ్లేవారు జాగ్రత్తగా చూసుకోవాలి. ఆంధ్ర వైపు బస్సులకు 2018 నుంచి మాధవరంలో వేరే బస్‌స్టాండు ఉంది. పాత అలవాటు కొద్దీ కోయంబేడు అనుకుని మెట్రో లెక్కలు వేసుకుంటే ఇబ్బంది పడతారు.

హైదరాబాదు, బెంగళూరు, కోల్‌కతాల్లోనూ ఇలాగే ఉంటుందా?

హైదరాబాదులో మెట్రో అంతా పైవంతెన మీదే. అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్ దగ్గర లైన్లు కలుస్తాయి గానీ భూమి కిందికి దిగవలసిన పని లేదు. బెంగళూరులో మెజెస్టిక్ భూగర్భ ఇంటర్‌చేంజ్. అక్కడ పర్పుల్ లైను పైన, గ్రీన్ లైను దాని కింద నడుస్తాయి. పర్పుల్ లైను 2016 ఏప్రిల్‌లో, గ్రీన్ లైను 2017 జూన్‌లో అక్కడికి చేరాయి. గేటు దాటకుండా రంగు చూసి మారాలన్న నియమం అన్నిచోట్లా ఒకటే.

మన డెల్టాలో ఇలాంటి స్టేషను కట్టడం సాధ్యమా?

కట్టడం సాధ్యమే. కోల్‌కతా కూడా మనలాగే నది తెచ్చిన ఒండ్రు మీద నిలిచిన నగరం. దేశంలో మొదటి మెట్రో 1984 అక్టోబరు 24న అక్కడే ఎస్‌ప్లనేడ్ నుంచి నడిచింది. 2024 మార్చిలో హుగ్లీ నది కింది సొరంగం గుండా రెండో మార్గం వచ్చి చేరడంతో ఆ ఎస్‌ప్లనేడే ఇంటర్‌చేంజ్ అయింది. నదికి అవతల హౌరా స్టేషను లోతు 30 మీటర్లకు మించి ఉంటుంది. అయితే ఆ నేల అంత తేలికగా లొంగలేదు. 2019 ఆగస్టు చివర బౌబజార్‌లో సొరంగం తవ్వుతుండగా భూగర్భ నీటి పొర తెగి, ఇసుకతో కలిసిన నీరు సొరంగంలోకి దూకడంతో పైనున్న పాత ఇళ్లు కుంగిపోయి కూలాయి, ఎన్నో కుటుంబాలు ఇళ్లు వదలవలసి వచ్చింది. ఒండ్రు నేలలో భూగర్భ జలాన్ని ఒకచోట కదిలిస్తే మరొకచోట నేల కుంగుతుందన్నది మనం మరువకూడని విషయం.

మనకు అవసరమా అన్నది వేరే ప్రశ్న. 2011 జనాభా లెక్కల్లో రాజమహేంద్రవరం నగర జనాభా సుమారు 3.4 లక్షలు. రెండు భూగర్భ మెట్రో మార్గాలు కలిసే చోటికి రోజూ లక్షల మంది రావాలి. మన జనం ఒకే నగరంలో కుదురుకోలేదు. కాలువల వెంట, లంకల మీద, ఊరూరా పరుచుకుని ఉన్నారు. నా అభిప్రాయంలో మనకు ముందు కావలసింది కోటిపల్లి, నరసాపురం మధ్య రైలుమార్గం పూర్తికావడం, మన జంక్షన్లలో ముసలివారు ప్లాట్‌ఫారం మారడానికి పనిచేసే లిఫ్టులు ఉండటం.

రద్దీలో మాతో వచ్చినవారు విడిపోతే ఏం చేయాలి?

ఎక్కువసార్లు జరిగేది ఇలా ఉంటుంది: నలుగురిలో ముగ్గురు రైలెక్కుతారు, నాలుగోవారు ఎక్కేలోపు తలుపులు మూసుకుంటాయి. అప్పుడు రెండువైపులవారూ కదిలితే ఒకరినొకరు దాటిపోతూనే ఉంటారు. అందుకని బయలుదేరే ముందే ఒక కట్టుబాటు పెట్టుకోండి. రైలులో ఉన్నవారు తర్వాతి స్టేషనులో దిగి, దిగిన ప్లాట్‌ఫారం మీదే నిలబడాలి. మిగిలిపోయినవారు అదే ప్లాట్‌ఫారానికి వచ్చే తర్వాతి రైలెక్కి, మొదటి స్టేషనులోనే దిగాలి. మిగిలిపోయినవారు చిన్నపిల్లలో, ఒంటరిగా రైలెక్కలేని పెద్దవారో అయితే ఈ కట్టుబాటును తిరగేయాలి: వారు ఉన్నచోటనే గాజు తలుపుల దగ్గర నిలబడాలి, వెళ్లినవారే తర్వాతి స్టేషనులో దిగి, ఎదురు ప్లాట్‌ఫారం నుంచి వెనక్కి రావాలి. ఈలోగా ప్లాట్‌ఫారం మీద ఉన్న సిబ్బందికి తమ పేరు, తమవారి పేరు చెబితే వారు పక్క స్టేషనుకు కబురు పంపుతారు. సెల్‌ఫోను సంకేతం లోపల అందకపోవచ్చు కనుక ఫోను మీద ఆధారపడకుండా, ఈ కట్టుబాటును పెద్దవారి చేత ఇంటి దగ్గరే ఒకసారి చెప్పించుకోండి. మా అమ్మ చేత నేను ప్రతిసారీ రైలు రాజమహేంద్రవరం దాటకముందే చెప్పించుకునేవాణ్ణి.